బాకీ ఉన్నది డబ్బే

అప్పు తీసుకున్న మాట నిజం. 2023 జూన్‌లో రెండున్నర లక్షల పర్సనల్ లోన్, నా పేరు మీద. మా ఆయనది సొంత క్యాబ్, జీతం స్లిప్పులు ఉండవు. అందుకని ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పే నా జీతమే చూపించాం. అమ్మకు మోకాలి ఆపరేషన్ ఉంది అప్పుడు. యాప్‌లో అప్లై చేస్తే మర్నాటికి అకౌంట్లో డబ్బు పడింది, ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ పట్టుకుని. ఇచ్చింది ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాకుండా అప్పులిచ్చే ఫైనాన్సు కంపెనీ, పేరు రాయను. వడ్డీ 26 శాతం, 36 నెలలు, నెలకు 10,073 రూపాయలు. ఫీజులు కలుపుకుంటే ఏడాదికి 28 పైనే పడుతుందని వాళ్లిచ్చిన కాగితంలోనే ఉంది. మన లెక్కలో నెలకు నూటికి రెండు రూపాయల నలభై పైసలు. గుంటూరులో వడ్డీ అప్పులు తెలిసినవాళ్లకి ఆ రేటు కొత్తేం కాదు. తెలిసే తీసుకున్నాం. ఏడాది పాటు ఒక్క కిస్తీ తప్పలేదు.

2024 జూలైలో కాజ టోల్‌గేట్ దగ్గర లారీ తగిలి ఆయన కాలు విరిగింది. రాడ్ వేశారు. బండి షెడ్డులో, మనిషి మంచం మీద. బండికి వేరే ఫైనాన్సు, ఇంటద్దె, పిల్ల ఇంటర్ ఫీజు, మందులు. అన్నిటికీ కలిపి నా 24 వేల జీతం. ఆ నెల ఐదో తారీఖున లోన్ కిస్తీ బౌన్స్ అయింది.

బౌన్స్ అయితే ఏమవుతుందో అప్పటిదాకా నాకు తెలియదు. కిస్తీ నేరుగా మన అకౌంటు నుంచి తీసుకోవడానికి కంపెనీ పెట్టుకున్న అనుమతిని మ్యాండేట్ అంటారు, దాన్ని ఒక్కసారి వేసి ఊరుకోదు. రెండు రోజులాగి మళ్లీ వేస్తుంది, వారం పోయాక మళ్లీ వేస్తుంది. వేసిన ప్రతిసారీ మా బ్యాంకు 500 చార్జీ, 18 శాతం జీఎస్టీ, మొత్తం 590 కోసుకుంటుంది. ఇది కాక కంపెనీ బౌన్స్ చార్జీ వేరే. జీతం పడగానే ముందు ఈ 590లే పోయేవి. కిస్తీకి సరిపడా లేని అకౌంట్లో ఉన్న కాస్తా ఇలా కరిగిపోవడం చూస్తే, కట్టలేనివాడి దగ్గరే చార్జీలు ఎక్కువ వసూలవుతాయని అర్థమైంది.

ఫోన్లు మొదట మర్యాదగానే వచ్చాయి. "మేడం, ఈ నెల డ్యూ పెండింగ్ ఉంది, బకెట్ మారిపోతుంది మేడం, చూసుకోండి." బకెట్ అంటే వాళ్ల భాషలో బాకీ ఎన్ని రోజులు ముదిరిందో చెప్పే గడి. ముప్పై రోజుల్లోపు ఒక గడి, అరవై లోపు ఒకటి, తొంభై లోపు ఇంకొకటి. గడి మారినప్పుడల్లా ఫైలు కొత్త చేతుల్లోకి పోతుంది, కొత్త చేతుల్లోకి పోయినప్పుడల్లా గొంతు మారుతుంది. రెండో నెలకి 'మేడం' పోయి 'ఏమ్మా' వచ్చింది. మూడో నెలకి 'నువ్వు'. పొద్దున్నే ఏడింటికి ఒకడు, రాత్రి తొమ్మిదిన్నరకి ఒకడు. యాక్సిడెంట్ సంగతి చెప్తే, "నీ మొగుడి కాలు విరిగితే మా కంపెనీ ఏం చేస్తుంది, నీ ఒంటి మీద బంగారం లేదా?" అన్నాడొకడు.

ఆ తర్వాత మా తోటికోడలికి చేశారు. అప్లికేషన్‌లో రిఫరెన్స్ అని ఆమె నంబరు ఇచ్చాను. ఆమె జామీనుదారు కాదు, ఎక్కడా సంతకం పెట్టలేదు. అయినా "మీ అక్క డబ్బు తీసుకుని తప్పించుకు తిరుగుతోంది, మీరు కట్టండి" అన్నారట. ఆమె నన్ను ఏమీ అనలేదు, కానీ వినాయక చవితికి పిలవలేదు. అటు పిమ్మట స్కూలు ల్యాండ్‌లైన్‌కి ఫోన్. నేను తొమ్మిదో తరగతికి బహుపదులు చెబుతున్నాను. ఆయా వచ్చి హెచ్ఎం మేడం పిలుస్తున్నారంది. ఫోన్ ఎత్తింది ఆవిడే. మీ టీచరు చీటింగ్ కేసులో ఉంది, జీతం ఆపండి అన్నాడట. "ఆవిడ క్లాసులో ఉంది, మీరెవరో కాగితం మీద రాసి పంపండి" అని పెట్టేశారట ఆవిడ. నాతో మాత్రం ఒకటే అన్నారు: "కరెస్పాండెంట్ గారి చెవిన పడేలోపు ఏదో ఒకటి చూసుకోమ్మా."

ఏదో ఒకటి అంటే అందరి దృష్టిలో ఒకటే, కట్టేయడం. చెప్పిన ప్రతివాళ్లూ ఆ మాటే అన్నారు. "కట్టేస్తే పోలా?" ఉంటే కట్టనా? కట్టలేకపోవడం ఒక సంగతి. నా తోటికోడలికీ నా హెడ్‌మిస్ట్రెస్‌కీ నన్ను దొంగనని చెప్పడం వేరే సంగతి. మొదటిదానికి నేను జవాబుదారీ. రెండోదానికి వాళ్లు జవాబుదారీ. ఈ రెంటినీ విడదీసి మాట్లాడటం నేర్చుకోవడానికే నాకు చాలా కాలం పట్టింది. అవతలివాళ్లని విడదీసి వినేలా చేయడానికి ఇంకా ఎక్కువ పట్టింది.

ఆ రోజుల్లోనే ఒక రాత్రి మా ఆయన, "నేను పోతే ఇన్సూరెన్స్ డబ్బు వస్తుందేమో చూడు" అన్నాడు, మామూలుగా, ఫ్యాను వేయమన్నట్టు. మర్నాడు ఆయన తమ్ముణ్ణి పిలిపించి పగలంతా ఇంట్లో ఉంచాను. మా పిల్ల 14416 అనే నంబరు కనిపెట్టి కలిపింది. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, తెలుగులోనే మాట్లాడతారు. ఆయన ముందు తిట్టాడు, తర్వాత తలుపు వేసుకుని చాలాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో నేను అడగలేదు. ఆ తర్వాత నుంచి ఆయన ఫోన్లో సిమ్ మార్చి, కంపెనీ వాళ్ల ఫోన్లన్నీ నా దగ్గరికే వచ్చేలా చేశాను.

దారి చూపించింది మా వీధిలో ఉండే బాబాయి గారు. ప్రభుత్వ బ్యాంకులో చేసి రిటైరయ్యారు, కొన్నేళ్లు రికవరీ సెక్షన్‌లోనే ఉన్నారు. అంటే ఇదే పని బల్లకు అటువైపు కూర్చుని చేసినాయన. అంతా విని, "ఫోన్లో వాదించకు అమ్మాయ్. ఫోన్లో అన్నది ఏదీ వాళ్ల ఫైల్లోకి ఎక్కదు. మెయిల్ పెడితే ఎవడో ఒకడు జవాబు రాయాలి. రాయకపోతే అదే నీకు పనికొస్తుంది" అన్నారు.

రూల్సు ఆయనే చెప్పారు. 2022 ఆగస్టు 12న రిజర్వు బ్యాంకు ఒక సర్క్యులర్ ఇచ్చింది. బాకీ వసూలుకి ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మాటతో గానీ చేతితో గానీ బెదిరించకూడదు, నలుగురిలో పరువు తీయకూడదు. ఇంట్లోవాళ్ల జోలికి, రిఫరెన్సుల జోలికి, స్నేహితుల జోలికి పోకూడదు. ఇంకా ముఖ్యమైనది, ఏజెంటు చేసిన పనికి కంపెనీయే బాధ్యురాలు. 'అది ఏజెన్సీ వాళ్లు చేసింది, మాకు సంబంధం లేదు' అంటే చెల్లదు. యాప్ లోన్లకైతే అదే ఏడాది సెప్టెంబరులో వేరే మార్గదర్శకాలు వచ్చాయి. ఫోన్లో కాంటాక్టులు, ఫోటోలు యాప్ చూడకూడదు. వసూలుకి ఏ ఏజెంటుని పెడుతున్నారో అతను మనల్ని కలవకముందే మెసేజో మెయిలో పెట్టి తెలపాలి. నాకు అలాంటిదేదీ రాలేదు.

"ఇవి ఊరికే రాలేదమ్మాయ్, మనవాళ్లు చస్తే వచ్చాయి" అన్నారాయన. కొంచెం మోటుగా చెప్తారు గానీ అబద్ధం కాదు. 2010లో మైక్రోఫైనాన్స్ ఆత్మహత్యల తర్వాతే కదా అప్పటి ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్స్ తెచ్చింది. 2015 డిసెంబరులో విజయవాడ కాల్‌మనీ గొడవ, అంటే అధిక వడ్డీ అప్పుల వసూలు వేధింపులు, మాకు పక్క ఊరి సంగతే. 2020 చివర్లో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక తెలంగాణలో మనుషులు ప్రాణాలు తీసుకుంటే హైదరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద పడ్డారు. రిజర్వు బ్యాంకు కమిటీ వేసింది ఆ తర్వాతే.

ఇంతకీ నేను చేసిన పని. లోన్ అగ్రిమెంటు, స్టేట్‌మెంటు డౌన్‌లోడ్ చేసుకున్నాను. కాల్ లిస్టు స్క్రీన్‌షాట్లు తీసి తేదీ, టైమూ కనపడేలా ఫైల్లో పెట్టింది మా పిల్ల. రికార్డింగ్ పెడితే నా ఫోను 'ఈ కాల్ రికార్డ్ అవుతోంది' అని ఇంగ్లిషులో అరుస్తుంది. మొదట అది ఇబ్బందే అనుకున్నాను. కానీ ఆ అరుపు వినగానే సగం మంది కాల్ కట్ చేసేవారు, మిగతా సగం మళ్లీ 'మేడం' అనేవారు. రికార్డింగ్ కంటే ఆ ప్రకటనే ఎక్కువ ఉపయోగపడింది. ఎవరు చేసినా మూడే ప్రశ్నలు: మీ పేరు, మీ ఏజెన్సీ పేరు, మీకు కంపెనీ ఇచ్చిన ఆథరైజేషన్ లెటర్ నంబరు. నాకు తిరిగి జవాబు చెప్పినవాళ్లు లేరు.

స్టేట్‌మెంటు నేను లెక్కల టీచరుగా చదివాను. వడ్డీ సరిగ్గానే వేశారు. కానీ ఆగస్టు నుంచి 'పీనల్ ఇంటరెస్ట్' అని ఒక గీత కనిపించింది. దాన్ని అసలులో కలిపి, మర్నెల ఆ మొత్తం మీద వడ్డీ కట్టారు. బాబాయి గారు కళ్లజోడు సర్దుకుని, "ఇది తప్పు" అన్నారు. కిస్తీ తప్పినందుకు జరిమానా వేయొచ్చు గానీ దాన్ని వడ్డీ రూపంలో వేయకూడదు, జరిమానా మీద మళ్లీ వడ్డీ వేయకూడదు. 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త లోన్లకి ఈ రూలు. పాత లోన్లని కూడా జూన్ 30 కల్లా ఇందులోకి మార్చాలి. నాది జూలైలో తప్పిన కిస్తీ. మొత్తం తేడా రెండు వేలు కూడా కాదు, కానీ అంతవరకూ నా మాటకీ వాళ్ల మాటకీ మధ్య నడుస్తున్న గొడవలో మొదటిసారి ఒక అంకె నా వైపు నిలబడింది.

మెయిల్ ముందు తెలుగులో రాసుకున్నాను, మా ఇంగ్లిషు టీచరు చేత ఇంగ్లిషు చేయించాను. కంపెనీ వెబ్‌సైటులో ఫిర్యాదుల అధికారి మెయిల్ ఉంటుంది, ఉండి తీరాలి. అందులో ముఖ్యమైన ముక్క ఇది:

'నేను ఈ లోన్ తీసుకున్నాను. బాకీ ఉన్నాను. కడతాను. 2024 జూలైలో నా భర్తకు జరిగిన ప్రమాదం వల్ల నెలకు 10,073 కట్టే పరిస్థితి లేదు. ఆసుపత్రి కాగితాలు జతచేశాను. గడువు పెంచి కిస్తీ తగ్గించమని కోరుతున్నాను. నెలకు 6,500 వరకు కట్టగలను. ఇది ఒక విషయం. రెండో విషయం దీనితో సంబంధం లేనిది. మీ తరఫున ఫోన్ చేసేవారు కింద చూపిన తేదీల్లో, కింద చూపిన సమయాల్లో నన్ను దూషించారు, నా బంధువులకు, నేను పనిచేసే చోటికి ఫోన్ చేసి నా గురించి అబద్ధాలు చెప్పారు. ఇకపై నాతో మాత్రమే, ఉదయం 8 నుంచి సాయంత్రం 7 లోపు మాత్రమే మాట్లాడాలి. ఏ ఏజెన్సీకి నా ఫైలు ఇచ్చారో రాతపూర్వకంగా తెలపాలి.'

'బాకీ ఉన్నాను' అని రాయొద్దు, అది రేపు కోర్టులో ఒప్పుకున్నట్టవుతుంది అని ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఉన్న బాకీని లేదనడం మొదలుపెడితే మిగతా ప్రతి వాక్యాన్నీ వాళ్లు అనుమానించొచ్చు.

ఆటోమేటిక్ జవాబు వచ్చింది, టికెట్ నంబరుతో. ఫోన్లు ఆగలేదు. ఒక ఆదివారం ఇద్దరు కుర్రాళ్లు బైకు మీద ఇంటికే వచ్చారు. గేటు బయట నిలబడి, వీధి మొత్తం వినపడేలా నా ఇంటిపేరుతో సహా పిలిచాడు ఒకడు. మా వెనక పోర్షన్ ఆవిడ కిటికీ తెరిచింది. నేను వెళ్లి, "లోపలికి రండి, వరండాలో కూర్చుని మాట్లాడదాం" అన్నాను. దానికి వాళ్లు తయారై రాలేదు. ఐడీ కార్డు అడిగితే ఫోన్లో ఫోటో చూపించాడు, ఆథరైజేషన్ లెటర్ 'ఆఫీసులో ఉంది' అన్నాడు. రికవరీ ఏజెంటుకి ట్రైనింగ్ ఉండాలి, నీకుందా అంటే చిన్నవాడు పెద్దవాడి మొహం చూశాడు. పంపిన మెయిల్ ప్రింటు చేతికిచ్చి, వెనక పేరు రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టలేదు. చిన్నవాడికి ఇరవై ఏళ్లుంటాయేమో. డిగ్రీ మధ్యలో ఆపేశాడట. మంచినీళ్లు తాగి, "మాకూ టార్గెట్ ఉంటుంది అక్కా, కేసు తెగితేనే కమిషన్" అన్నాడు. నాకు వాడి మీద కోపం రాలేదు. గేటు దగ్గర అరవమని వాడికి నేర్పినవాళ్లు గుంటూరు రారు, ఎండలో నిలబడరు.

వెనక పోర్షన్ ఆవిడది ఇంకో కథ. ఆవిడ గ్రూపు లోను తీసుకుంది, అందరి పూచీ మీద అందరికీ ఇచ్చే మైక్రోఫైనాన్స్. ఆవిడ వారం తప్పితే సెంటర్ లీడరుతో సహా మిగతా ఆడవాళ్లు వచ్చి రాత్రిదాకా అరుగు మీద కూర్చునేవాళ్లు. వాళ్లని కూర్చోబెట్టేది ఫీల్డ్ ఆఫీసరు. అక్కడ రూలు ఇంకా గట్టిది: 2022 నుంచి ఈ లోన్లలో ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదు. వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి. వరసగా రెండు సార్లు అక్కడికి రాకపోతేనే ఇంటికి వెళ్లొచ్చు. ఈ సంగతి ఆవిడకి చెప్తే, "రూలు కంపెనీకి టీచరుగారూ, నన్ను తిట్టేది మా గ్రూపు వాళ్లే కదా" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు. కంపెనీ మీద ఫిర్యాదు చేయొచ్చు, తోటి ఆడవాళ్ల మీద ఎవరికి చేస్తాం?

వాట్సాప్‌లో ఒక కాగితం వచ్చింది. పైన మూడు సింహాలు, కింద ఎర్ర స్టాంపు, 'అరెస్ట్ వారెంట్' అని పెద్దక్షరాలు. ఇంకో రెండు రోజులకి రిజిస్టర్డ్ పోస్టులో నిజమైన లాయర్ నోటీసు. రెంటినీ పట్టుకుని గుంటూరు కోర్టు ఆవరణలో ఉన్న జిల్లా న్యాయసేవాధికార సంస్థకి వెళ్లాను. చాలామందికి తెలియనిది చెప్తున్నాను: ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా అక్కడ ఉచితంగా లాయరుని ఇస్తారు, 1987 చట్టంలోనే ఉంది. దరఖాస్తు రాసిచ్చాను, ప్యానెల్ లాయరు ఒకావిడని కేటాయించారు. ఆవిడ వాట్సాప్ కాగితం చూసి నవ్వింది. రిజిస్టర్డ్ పోస్టు చూసి నవ్వలేదు.

యూట్యూబులో అందరూ 'అప్పుకి జైలు లేదు' అంటారు. సగమే నిజం. అప్పు తీర్చకపోవడం సివిల్ వ్యవహారమే, పోలీసులు వచ్చి పట్టుకెళ్లరు. కానీ చెక్కు బౌన్స్ అయితే 138వ సెక్షన్ కింద కేసు ఉన్నట్టే, మ్యాండేట్ బౌన్స్ అయితే పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద క్రిమినల్ కేసు వేయొచ్చు. రెండేళ్ల వరకూ శిక్ష రాసి ఉంది. బౌన్స్ సంగతి తెలిసిన 30 రోజుల్లోపు వాళ్లు నోటీసు ఇవ్వాలి, అది అందాక మనకి 15 రోజులు గడువు. ఆ లోపు ఆ నోటీసులో ఉన్న మొత్తం కట్టేస్తే ఆ నోటీసు మీద కేసు నిలవదు. మా నోటీసు ఒక్క కిస్తీకే ఇచ్చారు. గాజుల జతలో ఒకటి కుదువ పెట్టి ఆ 10,073 కట్టాం, రసీదు జతచేసి లాయరు గారు తిరుగు నోటీసు ఇచ్చారు. పోస్టులో వచ్చిన కవరు తీసుకోకుండా తిప్పి పంపేవాళ్లని ఆవిడ అక్కడే ఇద్దరిని మందలించడం చూశాను.

పోలీస్ స్టేషన్‌కి వెళ్లింది వేరే పని మీద. 'నీ ఫోటో స్కూలు గేటుకి అంటిస్తాం, పిల్లలంతా చూస్తారు' అని ఒకడు వాయిస్ మెసేజ్ పెట్టాడు. అక్కడ కాగితాలు రాసే రైటర్ మొదట నా మాట పూర్తిగా వినకుండానే, "లోను విషయం సివిల్ మేటర్ అమ్మా, మేం చూడం" అన్నాడు. "లోను గురించి రాలేదండీ. ఇది వినండి" అని మెసేజ్ పెట్టాను. మొత్తం విన్నాక కుర్చీ చూపించాడు. బెదిరింపు అనేది భారతీయ న్యాయ సంహిత 351 కింద నేరం, అప్పున్నవాళ్లని బెదిరించినా సరే. లాయరు గారు రాసిచ్చిన అర్జీలో అప్పు ప్రసక్తి ఒక్క వాక్యంలో ఉంది, మిగతా అంతా ఆ మెసేజూ, ఆ నంబరూ, ఆ టైమూ. రసీదు అడిగి తీసుకున్నాను. ఎస్సై గారు నా ముందే ఆ నంబరుకి చేశారు. తనెవరో చెప్పగానే అవతల ఫోన్ ఆగిపోయింది, ఆ నంబరు మళ్లీ నాకు రాలేదు. కేసుగా పెద్దగా ముందుకు సాగలేదు కూడా. నాకు కావలసింది అది కాదు గనక నేనూ వెంటపడలేదు.

కంపెనీకి మెయిల్ పెట్టి 30 రోజులు దాటేదాకా ఆగాను. కంపెనీ జవాబు ఇవ్వనప్పుడు అంతవరకూ రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్, అంటే బ్యాంకుల మీద, ఫైనాన్సు కంపెనీల మీద ఫిర్యాదులు చూసే అధికారి, మన ఫిర్యాదు తీసుకోరు, మధ్యలో వెళ్తే తిప్పి పంపుతారు. తర్వాత సీఎంఎస్ అనే వాళ్ల పోర్టల్‌లో వేశాను. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంప్యూటర్ రానివాళ్లు చండీగఢ్‌లోని వాళ్ల కేంద్రానికి పోస్టులో పంపొచ్చు. 14448కి చేస్తే తెలుగులో చెప్తారు. నేను రెండు అనుమానాలు అడిగాను, ఓపిగ్గా చెప్పారు. ఫారంలో ఎంత రాసినా, పని చేసింది మాత్రం జతచేసిన కాగితాలే: కంపెనీకి పెట్టిన మెయిల్, టికెట్ నంబరు, కాల్ టైముల పట్టిక, హెచ్ఎం మేడం సంతకంతో ఇచ్చిన చిన్న ఉత్తరం, స్టేట్‌మెంటులో ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టిన ఆ పీనల్ ఇంటరెస్ట్ గీత. మేడం ఆ ఉత్తరం ఇస్తారనుకోలేదు. 'ఫలానా రోజు మా పాఠశాలకు ఫోన్ చేసి మా ఉపాధ్యాయురాలి గురించి అనుచితంగా మాట్లాడారు' అని స్కూలు లెటర్‌హెడ్ మీదే రాసిచ్చారు.

ఫిర్యాదు నమోదైన కొద్దిరోజులకే కంపెనీ నుంచి ఫోన్. ఈసారి గొంతు వేరు. తన పేరు చెప్పింది, హోదా చెప్పింది, ఇప్పుడు మాట్లాడటానికి వీలవుతుందా అని అడిగింది. అన్ని నెలల్లో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి. ముందు సెటిల్‌మెంట్ అంది: లక్షా ఇరవై వేలు ఒకేసారి కడితే ఫైలు మూసేస్తాం అని. నా దగ్గర అంత లేదు. ఉన్నా బాబాయి గారు వద్దన్నారు. క్రెడిట్ రిపోర్టులో 'సెటిల్డ్' అని పడితే పూర్తిగా తీర్చినట్టు కాదు, ఏళ్ల తరబడి కనిపిస్తుంది, రేపు పిల్ల ఎడ్యుకేషన్ లోనుకి నేను సంతకం పెట్టాల్సి వస్తే అడ్డం పడుతుందన్నారు. వేరేవాళ్లకి అదే మంచిది కావచ్చు, నాకు కాదు.

చివరికి గడువు పెంచడానికి ఒప్పుకున్నారు. మిగిలిన అసలు, ఆగిన నెలల వడ్డీ కలిపి లక్షా 97 వేలు, 48 నెలలు, నెలకు 6,642. నేను కూర్చుని లెక్క వేశాను: ముందు అనుకున్నదానికంటే మొత్తం మీద 87 వేలు ఎక్కువ కడతాను. ఇది చదివి ఫిర్యాదు పెడితే అప్పు తగ్గుతుందని ఎవరూ అనుకోవద్దు. తగ్గలేదు. పెరిగింది, నెల నెలా మోయగలిగే ముక్కలుగా కోసుకున్నందుకు. రిపోర్టులో 'రీస్ట్రక్చర్డ్' అని పడింది, అదీ మంచి మాటేం కాదు.

రెండో విషయానికి ఒక ఉత్తరం వచ్చింది. ఏజెన్సీని నా ఫైలు నుంచి తప్పించామనీ, 'కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామ'నీ. అసౌకర్యమట! పీనల్ ఇంటరెస్ట్ వెనక్కి వేశారు. ఒకే నెలలో రెండోసారీ మూడోసారీ మ్యాండేట్ వేసినందుకు తాము కోసిన బౌన్స్ చార్జీలు కూడా వెనక్కి ఇచ్చారు. అప్పుడు అమల్లో ఉన్న 2021 పథకం ప్రకారం మనోవేదనకి లక్ష రూపాయల దాకా ఇప్పించే అధికారం అంబుడ్స్‌మన్‌కి ఉండేది. నేను అడిగాను, రాలేదు. ఇరుపక్షాలకీ రాజీ కుదిరిందని ఫిర్యాదు మూసేశారు. తోటికోడలికి ఆ ఉత్తరం జిరాక్స్ తీసి ఇచ్చాను. స్కూల్లో కూడా ఒకటి ఫైల్లో పెట్టించాను, కరెస్పాండెంట్ గారు అడిగితే చూపించడానికి.

ఫోన్లు ఆగాయి. నిజంగా ఆగాయి. మా ఆయన ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాడు, మధ్యాహ్నం దాకా బండి తోలుతున్నాడు. కిస్తీ తారీఖు జీతం పడిన మర్నాటికి మార్పించుకున్నాను, ఇది మొదటే అడిగి ఉంటే ఇస్తారట, ఫారం ఉంది.

ఒకటి మిగిలింది. కంపెనీ తన చార్జీలు వెనక్కిచ్చింది గానీ, అదే బౌన్సులకి మా బ్యాంకు కోసిన 590లు అలాగే ఉన్నాయి. బ్యాంకుకి రాస్తే 'చార్జీల పట్టిక ప్రకారమే' అని జవాబిచ్చింది. అవతల కంపెనీయే ఒకే నెలలో అన్నిసార్లు వేయడం సరికాదని చార్జీలు తిరిగిచ్చాక, ఇవతల ఆ పట్టిక ఎలా నిలుస్తుందని మళ్లీ రాశాను. కంపెనీ ఉత్తరం కూడా జతచేశాను. ఈసారి గడువు తేదీ నేనే వేశాను. జవాబు రాకపోతే పోర్టల్‌లో పాస్‌వర్డ్ ఇంకా గుర్తుంది.